లాడ్జి అసలు ఎవరిది?

తెలుగు పేపర్లో లాడ్జి అన్న మాట కనిపిస్తే మిగతా వార్త చదవక్కర్లేదు. పోలీసులు తలుపు కొట్టి ఉంటారు. లోపల పేకాట రాయుళ్లో, ఇంట్లో చెప్పకుండా వచ్చేసిన జంటో, అప్పులవాళ్లకు మొహం చాటేసిన వ్యాపారో ఉండి ఉంటారు. పెళ్లివారిని హోటల్లో దించామంటాం, అధికారులను గెస్ట్‌హౌస్‌లో దించామంటాం. లాడ్జిలో దించామని మాత్రం వియ్యంకుడి ముందు నోరెత్తం. రోజూ లాడ్జి బోర్డుల కిందనుంచి నడిచివెళ్లి కొట్టు తీసే మనిషిని కాబట్టి, ఆ మాట తరఫున కాస్త వకాల్తా పుచ్చుకుంటున్నాను.

మాది చెన్నై జార్జిటౌన్‌లో, బ్రాడ్వే వెనక సందులో, తాపీ పనిముట్ల కొట్టు. మా నాన్న కావలి నుంచి వచ్చి పెట్టాడు. తాపీలు, గమేళాలు, రసమట్టాలు, తూకం గుండ్లు, మూలమట్టాలు, నూలు తాడు ఉండలు. ఈ పేటలో ఒక్కో వీధికి ఒక్కో సరుకు. కాగితానికి ఆండర్సన్ వీధి, బట్టల తానులకు గోడౌన్ వీధి. తెలుగువాళ్లకు ఇది పరాయి చోటేమీ కాదు. కాశీనాథుని నాగేశ్వరరావు గారి అమృతాంజనం, ఆంధ్రపత్రిక తంబుచెట్టి వీధిలో ఉండేవి. బ్రాడ్వేకి సర్కారు పెట్టిన పేరు ప్రకాశం సాలై. 1928లో సైమన్ కమిషన్ వచ్చినప్పుడు ఈ దగ్గర్లోనే పోలీసు తుపాకీకి ఛాతీ చూపించిన టంగుటూరి ప్రకాశం గారి పేరు అది. బోర్డు మీద ఆయన పేరే ఉన్నా జనం నోట్లో మాత్రం ఇంకా బ్రాడ్వేనే.

పోయిన వానాకాలంలో పాలకొండ వైపు మేస్త్రీ ఒకాయన, వెంట నలుగురు కూలీలతో, కొట్టు ముందు దిగబడ్డాడు. నా దగ్గర ఏళ్లుగా సరుకు తీసుకునే మనిషి. ఒక సైటులో పని అయిపోయింది, రెండో సైటులో రేకుల షెడ్డు ఇంకా లేవలేదు. మధ్యలో రెండు రాత్రులు తలదాచుకోవాలి. డబ్బు ఉంది, ఆధార్ కార్డులున్నాయి. దగ్గర్లోని ఒక లాడ్జికి పంపించాను. పేరెందుకులెండి. పావుగంటలో తిరిగొచ్చేశారు. కౌంటరు మీది మనిషి గోనెసంచీలు చూశాడు, గమేళా చూశాడు, గోళ్లలో సిమెంటు చూశాడు, రూములు లేవన్నాడు. నేను ఫోను చేస్తే ఉన్నాయన్నాడు. "ఫ్యామిలీలు దిగే చోటు సార్, ఏమనుకోకండి" అన్నాడు. ఆ రెండు రాత్రులూ వాళ్లు మా గోడౌన్లో పడుకున్నారు. "పోన్లెండి బాబూ, మాకిది కొత్తేటి?" అన్నాడు మేస్త్రీ. నాకు మాత్రం కడుపు మండింది. ఎందుకంటే లాడ్జి అన్న మాట పుట్టిందే మేస్త్రీల కోసం.

ఐరోపాలో పెద్ద చర్చీలు, మఠాలు కట్టిన కాలంలో, లేస్తున్న గోడకు ఆనించి కర్రలతో, తడికలతో ఒక చుట్టు దింపి, దానికింద రాయి చెక్కేవాళ్లు కూర్చునేవాళ్లు. ఇంగ్లాండులో దానిపేరు లాడ్జి. చెషైర్‌లోని వేల్ రాయల్ మఠం కట్టుబడి లెక్కల్లో, 1270ల చివర్లో, రాతిపనివాళ్లకు లాడ్జీలు వేసినందుకు అయిన ఖర్చు రాసి ఉంది. వానలో రాయి చెక్కడానికి, పనిముట్లు దాచుకోవడానికి, అన్నం తినడానికి అది చోటు. యార్క్ నగరంలో పెద్ద చర్చి కడుతున్నప్పుడు, 1370లో, మేస్త్రీలకు పనివేళలు రాసిపెట్టారు. తెల్లారగానే రావాలి, వెలుతురున్నంతసేపూ చెయ్యాలి, గట్టి షరతులే. అందులోనే ఇంకో ముక్క కూడా ఉంది. ఎండాకాలం పొద్దు ఎక్కువ కాబట్టి మధ్యాహ్నం భోంచేశాక లాడ్జిలో కాసేపు నిద్రపోవచ్చు. 650 ఏళ్ల కిందటి యజమాని పనివాడి కునుకును కాగితం మీద పెట్టాడు. మా కొట్టుకొచ్చే కాంట్రాక్టర్లకు ఈ సంగతి చెబితే నవ్వుతారు. మే నెలలో చెన్నై ఎండలో రెండింటికి స్లాబు మీద నిలబెట్టేవాళ్లకు నవ్వు రాక ఏం వస్తుంది!

ఆ మేస్త్రీలు ఒక ఊరి మనుషులు కారు. ఈ చర్చి అయితే ఆ కోట, ఆ కోట అయితే ఇంకో వంతెన. ఊళ్లో వాళ్లకు కులపెద్ద లేడు, బంధువు లేడు. ఉన్నదల్లా లాడ్జి. జబ్బు చేస్తే చూసేది, కొత్తవాడికి పని నేర్పేది, తప్పుచేస్తే జరిమానా వేసేది అక్కడి వాళ్లే. అలా పోనుపోను చూరుకి ఉన్న పేరు దానికింద కూర్చున్న మనుషుల గుంపుకి పడింది. 17వ శతాబ్దం వచ్చేసరికి ఉలి పట్టని పెద్దమనుషులు సరదాగానో, స్నేహం కోసమో అందులో చేరడం మొదలెట్టారు. 1717 జూన్ 24న లండన్‌లో నాలుగు లాడ్జీలవాళ్లు ఒక సారా దుకాణంలో కలిసి పెద్ద లాడ్జిగా ఏర్పడ్డారు. ఫ్రీమేసన్ల సంఘంగా లోకం ఎరిగింది దాన్నే. మెల్లగా రాతిపనివాళ్లు తప్పుకున్నారు, వాళ్ల పనిముట్లు మిగిలాయి. మూలమట్టం నీతికి గుర్తయింది, రసమట్టం సమానత్వానికి, తూకం గుండు నిజాయితీకి.

మద్రాసుకు ఈ సంఘం తొందరగానే వచ్చింది. 1752లోనే ఇక్కడ లాడ్జి పెట్టారు. ఆర్కాటు నవాబు కొడుకు ఉమ్దతుల్ ఉమరాను 1770లలో తిరుచిరాపల్లిలో చేర్చుకున్నారు. మన దేశస్థుల్లో మొదటి మేసన్ ఆయనే అంటారు. మెరీనా బీచి రోడ్డులో ఇప్పుడు తమిళనాడు పోలీసు ప్రధాన కార్యాలయం ఉన్న తెల్ల భవనం కూడా మొదట 1839లో మేసన్ల లాడ్జి కోసం కట్టిందే. 1870లలో పోలీసులు కొనుక్కున్నారు. లాడ్జీల మీద దాడులు చేయించే శాఖ పెద్దాఫీసే ఒకప్పటి లాడ్జి అన్నమాట! ఈ ముక్క మా వీధిలో లాడ్జీ మేనేజర్లకు చెప్పినప్పుడల్లా వాళ్ల మొహాలు వెలిగిపోతాయి.

ఇప్పుడు మేసన్ల భవనం ఎగ్మూరులో, ఎతిరాజ్ సాలైలో ఉంది. పెద్ద పెద్ద స్తంభాలతో చూడముచ్చటగా ఉంటుంది. ఒకసారి అటువైపు సరుకు దించడానికి మా టెంపోలో వెళ్తూ, పాలకొండ మేస్త్రీకి ఆ సంఘం గుర్తు చూపించాను. పైన కంపాసు, కింద మూలమట్టం. తేరిపార చూసి, "ఏటి బాబూ, ఇది మన కొట్లోదే కదా! ఈ బాబులు తాపీ పని చేస్తారేటి?" అన్నాడు. చెయ్యరయ్యా, జడ్జీలు, డాక్టర్లు, వ్యాపారస్తులు అన్నాను. "మరి మూలమట్టం ఏటి చేసుకుంటారు?" అన్నాడు. సమాధానం చెప్పడానికి చెట్‌పట్ సిగ్నల్ దాకా పట్టింది. అంతా విని, "మంచి మాటలే" అని ఊరుకున్నాడు.

నిజమే, మంచి మాటలే. ఫ్రీమేసన్ల గురించి యూట్యూబులో తిరిగే భయంకరమైన కథలు నేను నమ్మను. రహస్యంగా లోకాన్ని ఏలేస్తున్నారనేవాళ్లు ఒక్కసారి అపార్ట్‌మెంటు సంఘం మీటింగుకు వస్తే పదిమంది కలిసి మోటారు బాగుచేయించడమే ఎంత కష్టమో తెలుస్తుంది. నరేంద్రనాథ్ దత్తా, అంటే తర్వాతి వివేకానందుడు, 1884లో కలకత్తాలో ఒక లాడ్జిలో చేరినవాడే. దివ్యజ్ఞాన సమాజం వాళ్లూ తమ శాఖలను లాడ్జీలనే పిలుచుకున్నారు. మాట అరువు తెచ్చుకున్నారు, బాగానే వాడుకున్నారు. నా తగాదా వాళ్లతో కాదు. పెద్దమనుషులు ఆ మాటను మేడ ఎక్కించారు, మనం పేకాట గదికి దింపాం, ఈ రెంటి మధ్యా దాని అసలు హక్కుదారుకు చూరే లేకుండా పోయింది. నా తగాదా అక్కడ.

ఆ పాత రాతిపనివాళ్ల భాషలో ఇంకో మాట ఉంది, కౌవన్. స్కాట్లాండులో సున్నం లేకుండా రాయిమీద రాయి పేర్చి గోడలు కట్టేవాణ్ణి, అంటే గురువు దగ్గర పద్ధతిగా పని నేర్చుకోనివాణ్ణి అలా పిలిచేవారు. 1598లో విలియం షా అనే రాజుగారి కట్టుబడి అధికారి పెట్టిన నిబంధనల్లో, ఏ మేస్త్రీ కూడా కౌవన్లను పనిలో పెట్టుకోకూడదని ఉంది. తర్వాత మేసన్ల సంఘాల్లో ఆ మాటకు బయటివాడు అన్న అర్థం వచ్చింది. వాళ్లు లోపలికి రాకుండా తలుపు దగ్గర కత్తి పట్టుకుని ఒకరు కాపలా ఉంటారు. ఇవాళ మా వీధి లాడ్జి కౌంటరు దగ్గర కత్తి లేదు గానీ కౌవన్ మాత్రం ఉన్నాడు. కాకపోతే తమాషా ఏమిటంటే, ఇక్కడ బయట నిలబడ్డది మేస్త్రీయే.

రాతిపనికీ తెలుగుకీ తమిళనాడులో ఉన్న చుట్టరికం చాలామందికి తెలియదు. చెరువు కట్టలు వేసి, కొండరాయి పగలగొట్టే వడ్డెవాళ్లు ఈ రాష్ట్రం నిండా ఉన్నారు. తమిళంలో ఒడ్డర్, బోయర్ అంటారు. తరాలుగా ఇక్కడే ఉన్నా ఇంట్లో తెలుగే మాట్లాడే కుటుంబాలు ఎన్నో. పల్లావరం కొండల నల్లరాయి ఎంత గట్టిదంటే, కలకత్తాలో జాబ్ చార్నాక్ సమాధికి ఆ రాయే వేశారు. భూగర్భ శాస్త్రజ్ఞులు దానికి చార్నొకైట్ అని ఆయన పేరే పెట్టారు. రాయి తీసినవాళ్ల పేరు పెట్టాలని ఎవరికి తోస్తుంది?

కాంట్రాక్టర్ల పేర్లు మిగిలాయి, అదే సంతోషం. తాటికొండ నంబెరుమాళ్ చెట్టి గారు తెలుగువాడు. సెంట్రల్ స్టేషన్ పక్కన విక్టోరియా పబ్లిక్ హాలు, మా పేట అంచున రాజాజీ సాలైలో ఎర్రటి పాత మద్రాసు బ్యాంకు భవనం కట్టించింది ఆయనే. ఆ హాలుకు 1883లో శంకుస్థాపన చేసింది విజయనగరం మహారాజు ఆనంద గజపతి. రాజుగారి పేరు రికార్డులో ఉంది, చెట్టిగారి పేరుంది, నమూనా గీసిన చిషోమ్ దొర పేరుంది. ఇటుక మీద ఇటుక పేర్చినవాళ్లు రాత్రిపూట ఎక్కడ పడుకున్నారో మాత్రం నేను చదివిన ఏ పుస్తకంలోనూ కనిపించలేదు.

విజయనగరం నుంచి, శ్రీకాకుళం నుంచి ఇప్పటికీ మనుషులు వస్తున్నారు, శంకుస్థాపనలకు కాదు. 2014 జూన్ 28, శనివారం సాయంత్రం, మౌలివాక్కంలో కడుతున్న 11 అంతస్తుల భవనం కూలిపోయింది. శనివారం కాబట్టి చాలామంది వారం కూలి డబ్బు తీసుకోవడానికి కింద చేరి ఉన్నారు. 61 మంది చచ్చిపోయారు. వాళ్లలో ఉత్తరాంధ్ర వాళ్లు ఎంతోమంది. ఆ వార్త మీకు గుర్తుండే ఉంటుంది, టీవీలన్నీ చూపించాయి, 2016లో పక్క భవనాన్ని పేల్చి కూల్చినప్పుడు మళ్లీ చూపించాయి.

వారం తిరగ్గానే జరిగిన రెండోది ఎవరికీ గుర్తులేదు. జూలై 6, ఆదివారం తెల్లవారుజామున, రెడ్‌హిల్స్ అవతల తిరువళ్లూరు జిల్లాలో, ఒక గోడౌను ప్రహరీగోడ వానకు నాని పడిపోయింది. గోడను ఆనుకుని వేసిన గుడిసెల్లో నిద్రపోతున్న 11 మంది పోయారు. ఆంధ్రా నుంచి కట్టుబడి పనికి వచ్చినవాళ్లు, ఎక్కువమంది శ్రీకాకుళం జిల్లా. మా కొట్లో ఆ వారమంతా మేస్త్రీలు సరుకు కొనలేదు, ఫోన్లు పట్టుకుని కూర్చున్నారు. ఎవరి ఊరు, ఎవరి తాలూకు, ఎవరి బావమరిది అని.

గోడకు ఆనించి దింపిన చుట్టు, దానికింద రాత్రి గడిపే పనివాళ్లు. ఇంగ్లీషు నిఘంటువు లాడ్జి అన్న మాటకు మొదట చెప్పే అర్థానికి దీనికన్నా దగ్గరి ఉదాహరణ నాకు తెలియదు. యార్క్‌లో లాడ్జి గురించి కాగితం రాసుకున్నారు. తిరువళ్లూరులో గోడ బలం ఎంతో చూసే మనిషి లేకపోయాడు.

చట్టం లేక కాదు. 1996లో పార్లమెంటు చేసిన భవన నిర్మాణ కార్మికుల చట్టంలో 34వ సెక్షన్ ఉంది. పని చేయించుకునేవాడు కార్మికులందరికీ సైటులోనో, వీలైనంత దగ్గరలోనో ఉచితంగా వసతి ఇవ్వాలి. వంటకు వేరే చోటు, స్నానానికి, బట్టలుతుక్కోవడానికి, మరుగుదొడ్డికి ఏర్పాటు ఉండాలి. పని అయ్యాక ఆ షెడ్లు తీసేసి నేల సదును చెయ్యాలి. అదే ఏడాది వచ్చిన ఇంకో చట్టం కింద కట్టుబడి ఖర్చులో 1 శాతం సెస్సు వసూలు చేసి కార్మికుల సంక్షేమ నిధిలో వెయ్యాలి. 2020లో ఈ చట్టాలను కోడ్‌లలో కలిపేశారు. కాగితాలు మారాయి, మా కొట్టుకొచ్చేవాళ్ల రేకుల షెడ్డు మారలేదు. ఒక షెడ్డు లోపలికి వెళ్లి చూశాను. పది అడుగుల గదిలో ఎనిమిది మంది, మేకుకు వేలాడే ఎనిమిది సంచీలు, మూలన గ్యాసు స్టవ్వు, దాని పక్కనే పెయింటు డబ్బాలు. రేకుకి వేసిన చిల్లులోంచి వైరు లాగి ఫ్యానుకిచ్చారు. మధ్యాహ్నం లోపల నిలబడితే బయట ఎండే నయం అనిపించింది.

కాంట్రాక్టర్లు నాకు చుట్టాల్లాంటివాళ్లు, వాళ్లవల్లే నా కొట్టు నడుస్తోంది. వాళ్ల మాట కూడా చెప్పాలి. సైటులో జాగా ఎక్కడుంది సార్ అంటారు. నగరం మధ్యలో గ్రౌండున్నర స్థలంలో అంచు నుంచి అంచుకు కడుతుంటే షెడ్డు ఆకాశంలో వెయ్యాలా అంటారు. ఈ మాటలో న్యాయం ఉంది. చిన్న కాంట్రాక్టరు ఒక్కడి వల్లా అయ్యే పని కాదు. అందుకే ఇది సర్కారు తలకెత్తుకోవాలంటున్నాను. కేరళ వాళ్లు పాలక్కాడ్ దగ్గర కంజిక్కోడ్‌లో వలస కార్మికుల కోసం అప్నా ఘర్ అని 640 మందికి హాస్టలు కట్టి 2019లో తెరిచారు. చెన్నై పక్కనే వల్లం వడగాల్‌లో తమిళనాడు ప్రభుత్వం 2024లో 18,720 మంది ఆడపిల్లలకు వసతి భవనాలు తెరిచింది, ఫోన్ల ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్లకు. ఫోను బిగించే చేతికి మంచం దొరికింది, చాలా మంచిపని. ఆ ఫ్యాక్టరీనీ, ఆ మంచాలున్న భవనాన్నీ కట్టిన చేతికి కూడా దొరకాలి కదా.

కొత్తగా కట్టేదాకా ఆగక్కర్లేదు కూడా. కొత్వాల్ చావడి టోకు కూరగాయల వ్యాపారం 1996లో కోయంబేడుకు వెళ్లిపోయాక మా పేటలో దిగే మనుషులు తగ్గారు. ఇప్పుడు నెల్లూరు, చిత్తూరు వ్యాపారులు సరుకు ఫోన్లోనే చెప్పేస్తున్నారు, రాత్రి ఆగే పనే లేదు. మన్నడి వైపు సగం గదులకు తాళాలు వేసిన లాడ్జీలున్నాయి. సంక్షేమ బోర్డు ఆ గదులను మంచాల లెక్కన అద్దెకు తీసుకుని, సైటుకీ సైటుకీ మధ్య చిక్కుకుపోయిన పనివాళ్లకు నామమాత్రపు ధరకు ఇవ్వొచ్చు. సెంట్రల్ స్టేషన్ నుంచి నడిచొచ్చేంత దూరం. లాడ్జీవాడికి గది నిండుతుంది, మేస్త్రీకి కునుకు దొరుకుతుంది. సెస్సు డబ్బు అందుకు కాకపోతే ఇంకెందుకు? శ్రీకాకుళం నుంచి ప్రతి రాత్రీ రైలెక్కే మనుషులున్నప్పుడు, సెంట్రల్‌లో తెలుగు మాట్లాడే ఒక్క సహాయ కేంద్రం పెట్టడానికి అమరావతికి ఏమంత బరువు?

ఇక మనం చెయ్యగలిగింది ఒకటుంది. ఈ పేపరు చదివేవాళ్లలో ఫ్లాటు కొనబోయేవాళ్లు చాలామంది ఉంటారు. సైటుకి వెళ్తే ముందు మోడల్ ఫ్లాటు చూపిస్తారు, జ్యూసు ఇస్తారు, వాస్తు చెబుతారు. అవన్నీ అయ్యాక పనివాళ్లు పడుకునే షెడ్డు ఎక్కడో చూపించమనండి. అది ఏ గోడకు ఆనించి ఉందో, నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో, మరుగుదొడ్డికి తలుపు ఉందో లేదో చూడండి. అటు బురద సార్, చెప్పులు పాడవుతాయి అంటారు. పాడైతే కడుక్కోవచ్చు, వెళ్లి చూడండి. చూపించకపోతే అడ్వాన్సు చెక్కు జేబులోనే ఉంచుకుని రండి.